మిల్లు మీదున్న అప్పుల్లో సర్ఫేసీ కిందకు వచ్చేవి ఏవి, రానివి ఏవి?

మిర్యాలగూడలోనో తాడేపల్లిగూడెంలోనో నడుస్తున్న ఒక మధ్యతరహా రైస్ మిల్లును తీసుకుంటే, దాని నెత్తిన ఒకేసారి ఆరేడు రకాల అప్పులు ఉండడం మామూలే. స్థలం, షెడ్లు, యంత్రాలు చూపించి బ్యాంకులో తీసుకున్న టర్మ్ లోను ఒకటి. గోదాములోని సరుకు మీద ఏడాది పొడవునా తిరిగే క్యాష్ క్రెడిట్ లిమిట్ మరొకటి. లారీ మీద ఫైనాన్స్ కంపెనీ అప్పు, యజమాని ఇంటి బంగారం మీద తెచ్చిన రుణం, యంత్రాలు అమ్మిన సంస్థకు ఇంకా కట్టాల్సిన బాకీ, ఇవి చాలక కోతల సమయంలో ధాన్యం కొనుగోలుకని ప్రైవేటు వ్యక్తి దగ్గర నోటు రాసి తెచ్చిన సొమ్ము. ప్రతి అప్పుకూ ఏదో ఒక ఆధారం ఉంటుంది కాబట్టి వ్యవహారంలో అన్నిటినీ హామీ ఉన్న అప్పులుగానే లెక్కేస్తారు. కిస్తీలు ఆగిపోయిన తరువాత మాత్రం వీటిలో కొన్నిటికే, కోర్టుకు వెళ్లకుండానే హామీ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తిస్తుంది. మిగిలిన వాటిని వేరే చట్టాల కింద, వేరే కోర్టుల్లో తేల్చుకోవాలి.

ఈ తేడా రుణదాతకూ రుణగ్రహీతకూ ఎంతో విలువైనది. సర్ఫేసీ కింద ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక బ్యాంకు 13(2) సెక్షను నోటీసు ఇచ్చి, 60 రోజులు ఆగి, ఏ కోర్టు డిక్రీ లేకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. ఎవరైనా అడ్డుపడితే జిల్లా మేజిస్ట్రేటు సాయం తీసుకోవచ్చు. రుణగ్రహీత సివిల్ కోర్టుకు వెళ్లడానికి వీల్లేదు. బ్యాంకు ఆ చర్య తీసుకున్న 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌నే ఆశ్రయించాలి. ఇంత పదునైన అధికారాన్ని చట్టం అందరు రుణదాతల చేతికీ, అన్ని రకాల తాకట్లకూ ఇవ్వలేదు. అందువల్ల ఈ తరహా వివాదాల్లో మొదట తలెత్తే ప్రశ్న బాకీ ఎంత అన్నది కాదు, ఆ లావాదేవీ అసలు ఈ చట్టం పరిధిలో ఉందా అన్నది.

అమెరికాలో వాణిజ్య రుణాలిచ్చే సంస్థకు ఈ చిక్కు కొంత తక్కువ. అక్కడి యూనిఫామ్ కమర్షియల్ కోడ్ తొమ్మిదో ఆర్టికల్, పత్రానికి ఏ పేరు పెట్టినా సరే, ఒప్పందం ద్వారా చరాస్తి మీద హామీ హక్కును సృష్టించే ప్రతి లావాదేవీనీ తన కిందకు తెచ్చుకుంటుంది; వ్యాపార బకాయిలను నేరుగా అమ్మేసినా అందులోకే వస్తుంది. స్థిరాస్తి తనఖాలను మాత్రం ఆ కోడ్ చాలావరకు పక్కన పెడుతుంది. మన దగ్గర సర్ఫేసీకి ఆయువుపట్టు స్థిరాస్తి తనఖాయే. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 2013 నాటి కంపెనీల చట్టం, 2016 నాటి దివాలా స్మృతి తలా ఒక ముక్కను పంచుకున్నాయి. వాటిని ఒక్కచోట కుట్టిన చట్టం ఇప్పటికీ లేదు.

సర్ఫేసీలో ‘సెక్యూరిటీ ఇంట్రెస్ట్’కు ఇచ్చిన నిర్వచనం చూడడానికి చాలా విశాలమైనది. రుణదాతకు అనుకూలంగా ఆస్తి మీద ఏర్పడే ఏ రకమైన హక్కయినా, తనఖా, ఛార్జి (ఆస్తి మీద బాకీ భారం), హైపోథికేషన్ (ఆస్తి రుణగ్రహీత చేతిలోనే ఉండే చరాస్తి హామీ), అసైన్‌మెంట్ (హక్కు బదలాయింపు) ఏదైనా అందులోకి వస్తుంది. పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల వంటి కంటికి కనిపించని ఆస్తులకూ అది వర్తిస్తుంది. అయితే ఆ హక్కు ఏదో ఒక ఆస్తిని పట్టుకుని ఉండాలి. భాగస్వాములు సంతకం చేసిన వ్యక్తిగత గ్యారంటీ, బీరువాలో దాచిన తేదీ లేని చెక్కులు, ప్రామిసరీ నోటు, ‘మీ అనుమతి లేకుండా ఈ ఆస్తిని అమ్మబోము’ అని రాసిచ్చిన హామీపత్రం ఏ ఆస్తినీ పట్టుకోవు. అవి రుణగ్రహీత మీద ఒత్తిడి పెంచుతాయి, కోర్టులో సాక్ష్యంగా పనికొస్తాయి, చెక్కు తిరిగివస్తే క్రిమినల్ కేసుకూ దారితీస్తాయి. హామీ హక్కును మాత్రం సృష్టించవు. గ్యారంటీ ఇచ్చిన మనిషి తన ఇంటి పత్రాలను కూడా బ్యాంకుకు అప్పగించి ఉంటే సంగతి మారిపోతుంది, ఎందుకంటే గ్యారంటీ ఇచ్చినవారినీ, ఇతరుల అప్పుకు తమ ఆస్తిని తనఖా పెట్టినవారినీ కూడా చట్టం రుణగ్రహీతలుగానే చూస్తుంది. బావమరిది మిల్లు కోసం సంతకం చేసినవారికి ఈ సంగతి చాలాసార్లు నోటీసు చేతికి అందిన తరువాతే తెలుస్తుంది.

హక్కు ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఎవరి పేరున ఉందో కూడా చూడాలి. బ్యాంకులు, నోటిఫై అయిన ఆర్థిక సంస్థలు, మొండి బాకీలను కొనే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలు, రుణపత్రాలు కొన్నవారి తరఫున హామీని పట్టుకునే నమోదైన డిబెంచర్ ట్రస్టీలు మాత్రమే ఈ చట్టాన్ని వాడుకోగలరు. సహకార బ్యాంకుల మీద చాలా ఏళ్లు సందేహం నడిచింది. అవీ ఈ పరిధిలోకే వస్తాయని 2020 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బ్యాంకింగేతర ఫైనాన్స్ కంపెనీల విషయంలో రెండు మెట్లున్నాయి: కంపెనీ ఆస్తులు కనీసం 100 కోట్ల రూపాయలు ఉండాలి, 2021 ఫిబ్రవరి నోటిఫికేషన్ ప్రకారం ఆ అప్పు కనీసం 20 లక్షల రూపాయలది కావాలి. అంటే ఒకే ఫైనాన్స్ కంపెనీ మిల్లుకు ఇచ్చిన 40 లక్షల యంత్రాల రుణం లోపల ఉంటుంది, పాత లారీ మీద ఇచ్చిన 12 లక్షల రుణం బయట ఉంటుంది. లారీ ఆర్సీ మీద మోటారు వాహనాల చట్టం కింద హైపోథికేషన్ నమోదై ఉన్నంత కాలం ఆ కంపెనీ ఒప్పుకోకుండా బండి మరొకరి పేరు మీదికి మారదు. బాకీ వసూలుకు మాత్రం అది ఒప్పందంలోని షరతుల మీదా ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) మీదా ఆధారపడాల్సిందే.

ఎరువుల కంపెనీ తన డీలరుకు అరువు మీద సరుకు ఇచ్చి, బదులుగా అతని ఇంటి పత్రాలను తన దగ్గర ఉంచుకుందనుకుందాం. అది ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్) కింద చెల్లే తనఖాయే, పత్రాలు అప్పగించిన చోటు ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణమైతే. ఆస్తి ఎక్కడున్నదన్నది ఈ నియమానికి పట్టదు. పత్రాలు చేతులు మారిన చోటే ముఖ్యం. బ్యాంకుల వాళ్లు ‘ఈఎం (ఈక్విటబుల్ మార్ట్‌గేజ్) చేయించడం’ అనే పని కూడా ఇదే. కానీ ఎరువుల కంపెనీ బ్యాంకు కాదు కాబట్టి సర్ఫేసీ నోటీసు ఇవ్వలేదు, సివిల్ కోర్టులో తనఖా దావా వేసుకోవాలి.

ప్రైవేటు అప్పుల్లో ఇంకో అలవాటుంది. తనఖా రాయించుకుంటే కోర్టులో ఏళ్లు పడుతుందన్న భయంతో అప్పిచ్చినవారు నేరుగా విక్రయ దస్తావేజో, అమ్మకం ఒప్పందమో, దాంతోపాటు జీపీఏనో (ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారపత్రం) రాయించుకుంటారు. డబ్బు తిరిగి కట్టాక ఆస్తి వెనక్కి రాసిస్తామని నోటిమాటగా చెబుతారు. అసలు ఉద్దేశం అప్పే అయినా ఆస్తి బదిలీ చట్టం ఇక్కడ పత్రంలోని రాతకే కట్టుబడుతుంది: తిరిగి అమ్మే షరతు అదే విక్రయ దస్తావేజులో లేకపోతే ఆ లావాదేవీని షరతు విక్రయ తనఖాగా పరిగణించకూడదని 58(సి) చెబుతోంది. ఆ ఒక్క వాక్యం పత్రంలో లేకపోవడంతో తాకట్టు పెట్టాననుకున్నవారు అమ్మినవారిగా మిగిలిపోతారు. ఉద్దేశాన్ని చూసే అమెరికా పద్ధతికీ మన పద్ధతికీ మధ్య దూరం ఇక్కడ బాగా కనిపిస్తుంది, ఈ నియమం వల్ల బలహీనుడే నష్టపోతాడన్నది దాచలేని సంగతి.

సరుకు మీద తీసుకునే అప్పుల్లో ఫలితాన్ని నిర్ణయించేది స్వాధీనత. క్యాష్ క్రెడిట్ కింద ధాన్యం, బియ్యం, తవుడు మిల్లులోనే ఉంటాయి, రోజూ వస్తూ పోతూ ఉంటాయి, నెలకోసారి స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకు వెళుతుంది. స్వాధీనం చేయకుండా ఇప్పుడున్న సరుకు మీదా రేపు వచ్చే సరుకు మీదా కూడా ఏర్పడే ఈ ఛార్జే హైపోథికేషన్, ఇది నిస్సందేహంగా సర్ఫేసీ పరిధిలో ఉంది. అదే సరుకును గోదాములో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బ్యాంకు తీసుకుంటే అది కాంట్రాక్టు చట్టం 172వ సెక్షను కింద కుదువ అవుతుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టి, స్టోరేజీ ఇచ్చిన బాండును బ్యాంకుకు అప్పగించి రుణం తీసుకున్నా అంతే. సరుకు కదలకపోయినా దాని మీద అదుపు బ్యాంకు చేతికి వెళ్లింది. చరాస్తుల కుదువను సర్ఫేసీ 31(బి) పూర్తిగా మినహాయించింది. బంగారం రుణాలు, తాకట్టు పెట్టిన షేర్లు ఈ కారణంతోనే బయట ఉంటాయి.

మినహాయింపు అంటే బ్యాంకు నష్టపోయినట్టు కాదు. కుదువ పట్టిన వ్యక్తికి, తగినంత నోటీసు ఇచ్చి ఆ వస్తువును అమ్మే హక్కును కాంట్రాక్టు చట్టం 176వ సెక్షను 1872లోనే ఇచ్చింది. వస్తువు తన చేతిలోనే ఉన్నవాడికి స్వాధీనం చేసుకునే ప్రత్యేక అధికారంతో పనేముంది? కిస్తీ తప్పిన బంగారం రుణాల మీద బ్యాంకులు పత్రికల్లో వేసే వేలం ప్రకటనలకూ ఇళ్ల మీద వేసే సర్ఫేసీ ప్రకటనలకూ వెనకున్న చట్టాలు వేరు, రుణగ్రహీతకు ఉన్న అభ్యంతర మార్గాలూ వేరు. బాకీ తీరేవరకు తన చేతిలో ఉన్న వస్తువును తిరిగివ్వకుండా ఆపుకునే బ్యాంకరు లీన్ హక్కును కూడా 31వ సెక్షను ఇదే తర్కంతో పక్కన పెట్టింది.

ధాన్యం విషయంలో మరో మెలిక తెలుగు రాష్ట్రాల మిల్లులకు బాగా తెలిసినదే. కస్టమ్ మిల్లింగ్ కోసం పౌరసరఫరాల సంస్థ పంపిన ధాన్యం మిల్లు ఆవరణలో ఉన్నా మిల్లరుది కాదు. క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగి అప్పగించాల్సిన బాధ్యత మాత్రమే అతనిది. తనది కాని సరుకు మీద ఎవరూ హామీ హక్కు ఇవ్వలేరు. ప్రభుత్వ ధాన్యం బస్తాలు, సొంత కొనుగోలు బస్తాలు ఒకే కప్పు కింద కలిసిపోయి, రెండూ స్టాక్ స్టేట్‌మెంటులో చేరిపోతే, బ్యాంకు కాగితం మీద చూసుకుంటున్న హామీలో కొంత భాగం మొదటి నుంచీ లేనట్టే. గోదాము తనిఖీకి వెళ్లే అధికారి బస్తాలను లెక్కపెట్టడంతో ఆగకుండా సంస్థ రిజిస్టరును కూడా చూడాల్సింది ఇందుకే.

యాజమాన్యాన్ని తన దగ్గరే ఉంచుకుని అప్పిచ్చే పద్ధతులు చాలాకాలం అస్పష్టంగా ఉండేవి. 2016 సవరణ ఈ విషయంలో పెద్ద మార్పు తెచ్చింది: రుణదాత యజమానిగా ఉంటూ హైర్ పర్చేజ్ (వాయిదాలన్నీ కట్టాకే సొంతమయ్యే కొనుగోలు), ఫైనాన్షియల్ లీజు (అప్పుకు బదులుగా ఇచ్చే దీర్ఘకాల అద్దె), షరతు విక్రయం కింద ఇచ్చిన ఆస్తి మీద ఉంచుకున్న హక్కును నిర్వచనంలో చేర్చి, అంతకుముందు వాటికి సంబంధించి 31వ సెక్షనులో ఉన్న మినహాయింపును తీసేసింది. అంటే బియ్యం గింజల రంగు వేరుచేసే సార్టెక్స్ యంత్రాన్ని ఫైనాన్షియల్ లీజు మీద ఇచ్చిన అర్హత గల కంపెనీ ఇప్పుడు సర్ఫేసీ వాడవచ్చు. అదే యంత్రాన్ని తయారీదారే అరువు మీద అమ్మి, ధర పూర్తిగా వచ్చేవరకు యాజమాన్యం తనదేనని రాసుకున్నా సర్ఫేసీకి రాలేడు, ఎందుకంటే చట్టం చెప్పిన రుణదాతల్లో అతను లేడు. ధర రాని విక్రేతకు సరుకుల విక్రయ చట్టం ఇచ్చే లీన్ కూడా సరుకు తన చేతిలో ఉన్నంతవరకే. యంత్రం మిల్లులో దిగిందంటే ఆ హక్కు పోయినట్టే. విమానాలు, నౌకల మీద హక్కులను 31వ సెక్షను వేరే చట్టాలకు వదిలేసింది, మన మిల్లుకు వాటితో పని లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా కోర్టులకెక్కిన మినహాయింపు 31(ఐ): వ్యవసాయ భూమి మీద సృష్టించిన హామీ హక్కుకు ఈ చట్టం వర్తించదు. రైతు భూమిని కోర్టు ప్రమేయం లేకుండా వేలం వేయకూడదన్న ఆలోచన దీని వెనుక ఉంది. కానీ చట్టం వ్యవసాయ భూమి అంటే ఏమిటో నిర్వచించలేదు. ఆ ఖాళీలోంచి పుట్టిన వివాదాలకు లెక్కలేదు. మిల్లులు, కోళ్ల ఫారాలు, గోదాములు, ఇంజనీరింగ్ కాలేజీలు కూడా చాలాచోట్ల పట్టా భూముల్లోనే వెలిశాయి. కొన్నిటికి నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) జరగలేదు, జరిగినా అడంగల్‌లోనో పహాణీలోనో పాత వర్గీకరణే మిగిలిపోయింది. అప్పు తీసుకునేటప్పుడు అది పారిశ్రామిక స్థలమని చూపించి, వేలం నోటీసు రాగానే రెవెన్యూ రికార్డు చేత్తో పట్టుకుని ‘ఇది వ్యవసాయ భూమి’ అని ట్రిబ్యునల్‌కు వెళ్లడం ఒక దశలో దాదాపు ఆనవాయితీ అయిపోయింది.

సుప్రీంకోర్టు ఈ వాదనను మెట్టుమెట్టుగా కుదించింది. గోవాలోని ఒక పెద్ద హోటల్ కేసులో, ఐటీసీకీ బ్లూ కోస్ట్ హోటల్స్‌కూ మధ్య 2018 మార్చిలో వెలువడిన తీర్పులో, హోటల్ ఆవరణలో భాగంగా తనఖా పెట్టిన భూమి రికార్డుల్లో వ్యవసాయ భూమిగా ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదని చెప్పింది. అదే ఏడాది జూలైలో తమిళనాడుకు చెందిన ఇండియన్ బ్యాంకు కేసులో, రెవెన్యూ రికార్డు ఒక సాక్ష్యమే గాని తుది మాట కాదనీ, భూమి స్వభావం, దాన్ని వాడిన తీరు, ఏ ఉద్దేశంతో కేటాయించారు అన్నవన్నీ కలిపి చూడాలనీ వివరించింది. 2023 జనవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన అప్పీలులో మరింత స్పష్టత వచ్చింది: హామీ హక్కు సృష్టించిన నాటికి ఆ భూమిలో నిజంగా వ్యవసాయం జరుగుతూ ఉండాలి, జరుగుతోందని రుజువు చేయాల్సిన భారం రుణగ్రహీతదే.

ఈ పరీక్షలో కీలకం కాలం. తనఖా నాడు ఖాళీగా పడి ఉన్న స్థలంలో నోటీసు అందాక కంది విత్తితే ఉపయోగం లేదు. మరోవైపు, తనఖా నాడు వరి పండుతున్న పొలాన్ని తరువాత లేఅవుట్ చేసి రాళ్లు పాతినా, హక్కు సృష్టించిన రోజునే చూడాలన్న సూత్రం బ్యాంకుకు అడ్డుగా నిలబడవచ్చు. చేపలు, రొయ్యల చెరువుల విషయంలో నిర్వచనం లేకపోవడం వల్ల కలిగే ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే భీమవరం వైపు వరి పొలమే చెరువుగా మారుతుంది, అవసరమైతే మళ్లీ పొలమవుతుంది. రికార్డు మీదకన్నా తనఖా నాటి ఫొటోలు, కరెంటు కనెక్షను కేటగిరీ, మదింపుదారు నివేదిక, రుణ దరఖాస్తులో రాసిన ఉద్దేశం మీదే ఇప్పుడు కేసులు నిలబడుతున్నాయి లేదా పడిపోతున్నాయి. శాఖల్లో ఆ కాగితాలను ఎంత నిర్లక్ష్యంగా నింపుతారో చూసినవారికి ఇది కాస్త ఆందోళన కలిగించే మాటే. ఒకవేళ భూమి వ్యవసాయ భూమేనని తేలినా తనఖా రద్దయిపోదు. బ్యాంకు 20 లక్షలకు మించిన బాకీకి ట్రిబ్యునల్‌లో, అంతకు తక్కువైతే సివిల్ కోర్టులో వసూలుకు వెళ్లాలి, అంతే.

మొత్తాలకు సంబంధించిన రెండు గీతలు కూడా చట్టంలో ఉన్నాయి. లక్ష రూపాయలు దాటని రుణం పరిధిలోకి రాదు. అసలు, వడ్డీల మొత్తంలో మిగిలిన బాకీ 20 శాతం కన్నా తక్కువైతే కూడా రాదు. రెండో నియమం రుణగ్రహీతల్లో చాలామందికి తెలియదు. ఎక్కువ భాగం కట్టేసి చివర్లో ఆగిపోయినవారికి ఇది గట్టి రక్షణ.

లావాదేవీ పరిధిలోకి వచ్చినా రిజిస్ట్రీలో కనిపించకపోతే ప్రయోజనం లేదు. 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన 26డి సెక్షను ప్రకారం, సెర్సాయ్‌లో (హామీ హక్కుల కేంద్ర రిజిస్ట్రీ) నమోదు కాని హామీ హక్కును సర్ఫేసీ కింద అమలు చేయలేరు. అదే రోజు అమల్లోకి వచ్చిన 26ఇ, నమోదు చేసినవారికి ప్రభుత్వ పన్నుల బకాయిల కన్నా ముందు వరుసను ఇచ్చింది. మిల్లు కంపెనీగా ఉంటే కంపెనీల చట్టం 77వ సెక్షను కింద ఛార్జిని రిజిస్ట్రార్ దగ్గర కూడా నమోదు చేయాలి, లేకపోతే కంపెనీ మూతపడినప్పుడు ఆస్తులు అమ్మి పంచే లిక్విడేటరు ముందు ఆ హామీ లెక్కలోకి రాదు. మన దగ్గర చాలా మిల్లులు భాగస్వామ్య సంస్థలు కాబట్టి వాటి సరుకు మీద ఛార్జి ఉందో లేదో తెలుసుకోవడానికి కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర వెతికితే ఏమీ దొరకదు, సెర్సాయ్‌లోనే చూడాలి. భూమికైతే దాంతోపాటు సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే ఈసీ కూడా తీయాలి.

మిల్లు కంపెనీ అయి దివాలా ప్రక్రియలోకి వెళితే గీతలు మళ్లీ మారతాయి. దివాలా స్మృతిలోని హామీ హక్కు నిర్వచనం సర్ఫేసీ మినహాయింపులను అనుసరించదు, కాబట్టి సర్ఫేసీకి బయట ఉన్న కుదువ, వ్యవసాయ భూమి తనఖా అక్కడ హామీ హక్కులుగానే లెక్కకు వస్తాయి. ఇతరుల అప్పుకు ఇచ్చిన తనఖా విషయంలో మాత్రం ఫలితం వేరుగా ఉంది. జేపీ ఇన్‌ఫ్రాటెక్ తన భూములను మాతృసంస్థ జైప్రకాశ్ అసోసియేట్స్ తీసుకున్న రుణాలకు తనఖా పెట్టగా, ఆ రుణాలిచ్చిన బ్యాంకులు జేపీ ఇన్‌ఫ్రాటెక్‌కు ఫైనాన్షియల్ క్రెడిటర్లు (డబ్బు అప్పిచ్చినవారు) కారని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఎందుకంటే ఆ కంపెనీ తనంతట తాను వాటికి ఏ అప్పూ పడలేదు. సర్ఫేసీలో ఇలా ఇతరుల అప్పుకు ఆస్తిని తనఖా పెట్టినవారు రుణగ్రహీతతో సమానం, దివాలా స్మృతిలో ఆ తనఖా ఉన్న బ్యాంకుకు కంపెనీ భవిష్యత్తును తేల్చే రుణదాతల కమిటీలో కుర్చీ లేదు. ప్రక్రియ మొదలైన రోజు నుంచి వసూలు చర్యలన్నిటినీ ఆపేసే మారటోరియం మాత్రం ఆ బ్యాంకు చేతిలోని తనఖాకూ వర్తిస్తుంది. అది ముగిసేవరకు సర్ఫేసీ నోటీసు కూడా ముందుకు కదలదు.